ఆదిలాబాద్ అడవుల్లో ఉమ్మడి మేత: జైనూర్ కొండల నుంచి ఒక చరిత్ర పాఠం

1.0 లక్ష్యాలు

ఈ పాఠ్యాంశాన్ని చదివిన తరువాత మీరు:

- ఆదిలాబాద్ కొండ గ్రామాల్లో సేద్యానికి, పశువుల మేతకు ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
- రిజర్వు అడవుల ఏర్పాటు వల్ల మేత హక్కు ఎలా నేరంగా మారిందో చెప్పగలుగుతారు.
- పల్నాడు పుల్లరి ఉద్యమాన్ని, జోడేఘాట్ ఘటనను పోల్చి చూడగలుగుతారు.
- 2006 అటవీ హక్కుల చట్టం మేత భూములను గురించి ఏమంటున్నదో తెలుసుకుంటారు.

1.1 పరిచయం

చరిత్ర పుస్తకాల్లో రాజుల యుద్ధాలకు దొరికే చోటు ఆవుల మందకు దొరకదు. పల్లెటూరి తగాదాల్లో మాత్రం సగం పశువులతోనే మొదలవుతాయి. ఎవరి ఎద్దు ఎవరి చేలో పడింది, ఊరి బీడులో పరాయి మంద ఎందుకు దిగింది, బందెలదొడ్డిలో పెట్టిన ఆవును విడిపించడానికి ఎంత కట్టాలి అనే ప్రశ్నలు మీలో చాలామంది చిన్నప్పటి నుంచి విన్నవే. ఇవి చిల్లర తగాదాలని తీసిపారేయడానికి లేదు. భూమి ఎవరిది, దాన్ని వాడుకునే నియమం పెట్టేది ఎవరు అన్న పెద్ద ప్రశ్న వీటి వెనుక ఉన్నది.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి జైనూర్ ప్రాంతం అనువైనది. జైనూర్ మండలం 2016 వరకు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. గోండులు, కోలాములు తరతరాలుగా నివసిస్తున్న కొండసీమ ఇది. మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1940లలో నివసించిన మార్లవాయి ఈ మండలంలోనిదే. కుమురం భీం నాయకత్వంలో పోరాటం జరిగిన జోడేఘాట్ పొరుగున ఉన్న కెరమెరి మండలంలో ఉంది.

1.2 దున్నిన చేను, వదిలిన బీడు

మేత తగాదా అర్థం కావాలంటే ముందు ఆనాటి సేద్యం అర్థం కావాలి. ఈ కొండల్లో రెండు రకాల నేలలున్నాయి. లోయల్లో, చదును ప్రదేశాల్లో నల్లరేగడి ఉంటుంది. దాన్ని ఏటా దున్నవచ్చు. గుట్టల మీద, వాలుల్లో తేలికపాటి ఎర్ర నేల ఉంటుంది. ఆ నేల కొన్నేళ్లకే సారం కోల్పోతుంది. అప్పుడు రైతు దాన్ని బీడుగా వదిలి మరోచోట నాగలి పెట్టేవాడు. కొన్నేళ్లకు గడ్డి, పొదలు పెరిగి నేల కోలుకున్నాక మళ్లీ అక్కడికే వచ్చేవాడు. జనం తక్కువ, భూమి ఎక్కువ ఉన్న కాలంలో ఈ పద్ధతి చక్కగా సాగింది.

ఆ వదిలిన బీడే పశువులకు మేత. నాగలి లాగే ఎద్దులు, బండి కట్టే ఎద్దులు, వాటిని ఈనే ఆవులు అన్నీ ఆ బీడు మీద, దాన్ని ఆనుకున్న అడవి మీద బతికేవి. పంట కోసిన తర్వాత చేలల్లోని కొయ్యకాళ్లు ఊరి పశువులన్నిటికీ అందుబాటులో ఉండేవి. పొలాల పండుగనాడు ఎద్దులను కడిగి, అలంకరించి, పూజించే ఆచారం ఈ ప్రాంతంలో నేటికీ ఉంది. ఎద్దు లేని ఇంటికి సేద్యం లేదు కనుక ఈ గౌరవం సహజమే.

ఒక విషయం గుర్తుంచుకోండి. రైతు దృష్టిలో బీడు అతని పొలంలో భాగం, విశ్రాంతి తీసుకుంటున్న పొలం. సర్కారు కాగితం దృష్టిలో అది ఖాళీ భూమి. ఈ రెండు చూపుల మధ్య తేడాయే తరువాతి కాలపు సంఘర్షణకు మూలం.

1.3 అడవి చుట్టూ గీసిన గీత

19వ శతాబ్దం రెండో సగంలో బ్రిటిష్ ఇండియాలో అడవుల చట్టాలు వచ్చాయి. 1878 నాటి ఇండియన్ ఫారెస్ట్ చట్టం, 1882 నాటి మద్రాసు ఫారెస్ట్ చట్టం రిజర్వు అడవి అనే భావనను స్థిరపరిచాయి. ప్రభుత్వం ఒక ప్రాంతాన్ని రిజర్వు చేయదలచినప్పుడు ప్రకటన ఇచ్చేది. అక్కడ హక్కులున్నవారు గడువులోగా ముందుకు వచ్చి చెప్పుకోవాలి. చెప్పుకోని హక్కు రద్దయినట్లే. చదువు రాని, కచేరీ గడప తొక్కని కొండ ప్రజలకు ఆ ప్రకటన చేరేదెలా? ఆ విధంగా ఎన్నో హక్కులు ఎవరూ కాదనకుండానే పోయాయి.

నిజాం రాజ్యం కూడా ఇదే నమూనాలో తన జంగ్లాత్ శాఖను నడిపింది. ఆదిలాబాద్ అడవుల్లో విలువైన టేకు ఉంది. 1920ల చివర్లో కాజీపేట-బల్లార్షా రైలు మార్గం పూర్తయ్యాక కలప రవాణా సులువైంది. మైదానాల నుంచి వలస వచ్చే రైతులు, వ్యాపారులు పెరిగారు. అడవికి ధర పెరిగిన కొద్దీ దాని సరిహద్దుకు కాపలా కూడా పెరిగింది.

అటవీశాఖ వాదనలో పస లేదనలేం. కూపు నరికిన చోట కొత్త మొక్కలు లేవాలంటే కొన్నేళ్లు పశువులను రానివ్వకూడదు. మేకలు లేత చిగుళ్లను కొరుకుతాయి. గడ్డి కోసం పెట్టే నిప్పు అడవంతా వ్యాపించవచ్చు. అయితే అమలులో వచ్చిన చిక్కు వేరు. సరిహద్దు గీసిన రోజున నాగలి కింద ఉన్న భూమిని మాత్రమే ఊరికి వదిలారు. వదిలిన బీడును, అంటే రాబోయే సంవత్సరాల పొలాన్ని, ఇప్పటి మేతను అడవిలో కలిపారు. ఊళ్లు రిజర్వు అడవి నడుమ చిన్న చిన్న దీవుల్లా మిగిలాయి. పశువు ఏ దిక్కుకు కదిలినా గీత దాటినట్లే.

దీనికి తోడు చాలామంది గోండు రైతులకు పట్టాలు లేవు. సివాయి జమాబందీ అనే ఏడాది పాటి ఒప్పందం కింద సాగు చేసేవారు. శిస్తు కట్టినా శాశ్వత హక్కు రాలేదు. సాగుభూమికే కాగితం లేనివాడు మేతభూమికి కాగితం ఎక్కడి నుంచి తెస్తాడు?

మీ ప్రగతిని పరీక్షించుకోండి: రైతు దృష్టిలో బీడుకు, ప్రభుత్వ రికార్డులో బీడుకు గల తేడాను ఐదు వాక్యాల్లో రాయండి.

1.4 పుల్లరి, బంబ్రాం

మేత మీద వేసే పన్నుకు తెలుగులో పుల్లరి అని పేరు. దాని మీద ఒక పెద్ద తిరుగుబాటు ఆంధ్ర ప్రాంతంలో జరిగింది. అప్పటి గుంటూరు జిల్లా పల్నాడులో నేల మెట్ట, పశుపోషణ ముఖ్యమైన జీవనాధారం. 1921లో అక్కడి ప్రజలు పుల్లరి చెల్లించకుండా, పర్మిట్లు తీసుకోకుండా పశువులను అడవిలోకి తోలారు. సహాయ నిరాకరణ ఉద్యమం దీనికి ఊపునిచ్చింది. 1922లో మించాలపాడు దగ్గర జరిగిన పోలీసు కాల్పుల్లో కన్నెగంటి హనుమంతు మరణించాడు. ఆ దశాబ్దంలోనే మద్రాసు ప్రభుత్వం మేతకు పనికివచ్చే కొన్ని అడవులను గ్రామ పంచాయతీల నిర్వహణకు అప్పగించే ప్రయోగం చేసింది. మేత నియమాలను ఊరివాళ్లు కూడా నడపగలరని ప్రభుత్వమే కొంతవరకు ఒప్పుకున్నట్లయింది.

ఆదిలాబాద్‌లో పన్నులకు వేరే పేర్లు. పశువులను మేపినందుకు బంబ్రాం, వంటచెరకు తెచ్చుకున్నందుకు దూపపెట్టి కట్టవలసి వచ్చేదని ఇక్కడి ప్రజల జ్ఞాపకం. పన్ను కంటే ఎక్కువగా బాధించింది కింది ఉద్యోగుల మామూళ్లు. చౌకీదారు వచ్చి ఆవును పట్టుకుపోతానంటే దుక్కి కాలంలో రైతు ఏదో ఒకటి ఇచ్చుకోక తప్పదు. గోండుల నుంచి ఇలా వసూళ్లు జరిగేవని హైమెండార్ఫ్ తన నివేదికల్లో నమోదు చేశాడు.

రెండు ప్రాంతాల మధ్య తేడాను గమనించండి. పల్నాడు రైతుకు కాంగ్రెసు సంస్థ, తెలుగు పత్రికలు, మద్రాసు శాసనమండలి అందుబాటులో ఉన్నాయి. అతని ఫిర్యాదు అచ్చులోకి ఎక్కేది. ఆదిలాబాద్ గోండు రైతు మాట్లాడేది గోండి, కచేరీలో నడిచేది ఉర్దూ. అతని ఫిర్యాదు దారిలోనే ఆగిపోయేది.

1.5 బాబేఝరి నుంచి మార్లవాయికి

బాబేఝరి పరిసరాల్లో అడవి కొట్టి సాగుచేసుకున్న గోండులు, కోలాముల భూములు రిజర్వు పరిధిలోకి వస్తాయని అటవీశాఖ వారిని ఖాళీ చేయించబూనింది. ఇళ్లు తగులబెట్టారు. కుమురం భీం అధికారులకు విన్నవించుకున్నా ఫలితం లేకపోయింది. 1940లో జోడేఘాట్ దగ్గర పోలీసు కాల్పుల్లో భీం, ఆయన అనుచరులు పలువురు మరణించారు. జల్, జంగల్, జమీన్ అనే నినాదంతో ఆయన పేరు ముడిపడి ఉంది. ఆ మూడింటిలో మేత ఎక్కడుందని వెతికితే మూడింటిలోనూ కనిపిస్తుంది. పశువుకు నీళ్లు కావాలి, అడవి కావాలి, బీడు కావాలి.

ఈ ఘటన తర్వాత గోండుల స్థితిగతులను తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి కలిగింది. హైమెండార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో ఉండి పరిశోధన సాగించారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. 1945లో ఆయన నివేదికలు ‘ట్రైబల్ హైదరాబాద్’ పేరుతో వెలువడ్డాయి. 1940లలో ఆదిలాబాద్ జిల్లాలో గిరిజనులకు సుమారు 1,60,000 ఎకరాలకు పట్టాలు లభించాయి. ఇది చిన్న విజయం కాదు.

అయితే పట్టా ఒక మనిషి పేరిట, ఒక చేను మీద ఇచ్చేది. ఊరందరి పశువులు మేసే బీడుకు అలాంటి కాగితం లేదు. సంస్కరణ తెచ్చిన మేలు నాగలికి అందినంతగా మందకు అందలేదు. తర్వాతి దశాబ్దాల్లో జనం పెరిగి, వలసలు పెరిగి, బీడు మీద నాగళ్లు పడ్డాయి. మైదానాల మందలు కూడా ఈ కొండలకు వచ్చేవి. బయటి మంద వస్తే గడ్డి తరగడమే కాదు, ఒకే మడుగులో నీళ్లు తాగిన పశువులకు గాలికుంటు వంటి రోగాలు అంటుకుంటాయి. పశువుల భద్రత కూడా మేత తగాదాలో భాగమేనని దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి.

1.6 ఉమ్మడి అంటే ఎవరిదీ కానిదా?

1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ఉమ్మడి మేతభూమిలో ప్రతివాడూ తన లాభం కోసం ఇంకో పశువును తోలుతాడు, చివరికి భూమి నాశనమవుతుంది అన్నది ఆయన వాదన. ఈ వాదన ఆధారంగా ఉమ్మడి భూములను ప్రభుత్వమైనా తీసుకోవాలి, లేదా వ్యక్తులకైనా పంచాలి అని చాలామంది నమ్మారు.

ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో వెలువరించిన గ్రంథంలో దీనికి జవాబు చెప్పింది. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. స్విట్జర్లాండ్ కొండ మేతభూములు, జపాన్ గ్రామ అడవులు వందల ఏళ్లుగా ఉమ్మడిగానే నిలిచాయని ఆమె చూపింది. అవి నిలవడానికి కొన్ని షరతులున్నాయి. వాడుకునేవారు ఎవరో తెలియాలి. నియమాలు వారే చేసుకోవాలి. తప్పు చేసినవాడికి తగిన జరిమానా ఉండాలి. ఊరి నియమాన్ని ప్రభుత్వం గుర్తించాలి.

ఇప్పుడు జైనూర్ కొండలకు తిరిగి రండి. ఇక్కడ బీడు దెబ్బతినడానికి ఊరికి నియమం లేకపోవడం కారణమా, ఉన్న నియమాన్ని ప్రభుత్వం గుర్తించకపోవడం కారణమా? ఊరి పటేలుకు పరాయి మందను ఆపే అధికారం లేనప్పుడు, చౌకీదారుకు మామూలు ఇచ్చినవాడే లోపలికి వెళ్లగలిగినప్పుడు, ఉమ్మడి భూమి ఎవరిదీ కాని భూమిగా మారుతుంది. హార్డిన్ వర్ణించిన స్థితి ఇదే. దాన్ని సృష్టించినది మాత్రం అడవి గీత.

1.7 చట్టం మారిన తర్వాత

2006 అటవీ హక్కుల చట్టం 3(1)(డి) సెక్షన్ మేతను సామూహిక హక్కుగా గుర్తించింది. ఊరిలో ఉండి మేపుకునేవారితో పాటు మందలతో సంచరించేవారికీ ఇది వర్తిస్తుంది. 2008 జనవరి 1న వెలువడిన నియమాల్లో 13వ నియమం, హక్కును నిరూపించడానికి ఏ ఆధారాలు పనికివస్తాయో చెబుతుంది. గెజిటీర్లు, సర్వే నివేదికలు, పటాలు వంటి ప్రభుత్వ రికార్డులు, పెద్దల వాంగ్మూలాలు, సంప్రదాయంగా వస్తున్న మేత స్థలాలు వాటిలో ఉన్నాయి.

చరిత్ర విద్యార్థికి ఇక్కడ ఒక ఆసక్తికరమైన విషయం కనిపిస్తుంది. ఒకనాడు మేత పన్ను వసూలు చేసిన, ఆక్రమణదారులని పేర్లు రాసుకున్న ప్రభుత్వమే తన కాగితాల్లో ఫలానా ఊరి పశువులు ఫలానా చోట మేశాయని కూడా రాసిపెట్టింది. శిక్షించడానికి రాసిన ఆ రాత, వాళ్లు ఎంతకాలంగా అక్కడ ఉన్నారో చెప్పే సాక్ష్యంగా ఇప్పుడు పనికివస్తుంది. ఆధారాన్ని ఎవరు, ఎందుకు తయారుచేశారో తెలుసుకుంటే దాన్ని మరోవైపు నుంచి కూడా చదవవచ్చు.

సమస్య ఇంతటితో తీరలేదు. ఈ ప్రాంతానికి చేరువలోని కవ్వాల్ అభయారణ్యం 2012లో పులుల సంరక్షణ కేంద్రమైంది. కోర్, బఫర్ కలిపి దాని విస్తీర్ణం రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైనే. పులికి నిశ్శబ్దమైన అడవి కావాలి, రైతుకు మేత కావాలి. పులి ఆవును చంపితే పరిహారం ఇస్తారు. ఆ పరిహారం ఆలస్యమైతే నష్టం ఎద్దు పోయిన ఇంటితో ఆగదు, కోపం పులి మీదికి మళ్లుతుంది. గీతను ఒక్క పక్షమే గీస్తే ఏమవుతుందో 1940 నేర్పింది. ఈసారి గ్రామసభ కూర్చుని మేత దారులు, మడుగులు, మూసి ఉంచవలసిన స్థలాలు చర్చించి నిర్ణయించే అవకాశాన్ని చట్టం ఇచ్చింది. ఆ అవకాశం ఎంతవరకు వాడుకలోకి వస్తుందన్నది మీ తరం చూడవలసిన చరిత్ర.

1.8 సారాంశం

జైనూర్ కొండల్లో బీడు సేద్యంలో భాగం, పశువులకు ఆధారం. రిజర్వు అడవి గీత దాన్ని ఖాళీ భూమిగా లెక్కించింది. మేత పన్నుగా, ఆ తర్వాత నేరంగా మారింది. పల్నాడు, జోడేఘాట్ ఘటనలు ఈ మార్పుకు వచ్చిన ప్రతిస్పందనలు. 1940ల సంస్కరణలు వ్యక్తుల పొలాలను కొంత కాపాడాయి, ఉమ్మడి మేతను కాపాడలేకపోయాయి. 2006 చట్టం ఆ లోటును గుర్తించింది.

1.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఆదిలాబాద్ కొండ గ్రామాల మేత హక్కులపై రిజర్వు అడవుల ప్రభావాన్ని వివరించండి.
2. పల్నాడు పుల్లరి ఉద్యమాన్ని, జోడేఘాట్ ఘటనను పోల్చండి.

II. ఈ కింది వాటికి 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. హార్డిన్, ఆస్ట్రమ్ వాదనల మధ్య తేడా ఏమిటి?
2. మీ ఊరిలోని బంచరాయి, కంచె లేదా చెరువు గర్భం గురించి ఇద్దరు పెద్దలను అడిగి, అక్కడి మేత నియమాలు ఎలా మారాయో రాయండి.