అదరినా వదలని పట్టు

1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఖమ్మం సీమలోని ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. బొగ్గు మోయుటకు రైలుదారి వచ్చెను.

పట్టాల కొసలను ఫిష్‌ప్లేటులతో, బోల్టులతో బిగించి కలుపుదురు. ఈ పద్ధతికి 1847లో ఇంగ్లండు ఇంజనీరు ఆడమ్స్ పేటెంటు పొందెను. బండ్ల అదురుకు నట్లు వదులగును. అందుచే కీమాన్ సుత్తి, పానా పట్టుకొని దారి వెంట నడచి వానిని బిగించును.

నట్టు ఏల వదులగును? బిగించిన బోల్టు రవంత సాగి, స్ప్రింగువలె పలకలను నొక్కుచుండును. మరచుట్ల నడుమ రాపిడియే నట్టును నిలుపును. అడ్డముగా అదురు తగిలి చుట్లు జారినచో, ఆ క్షణమున రాపిడి పట్టు తప్పి నట్టు వెనుకకు తిరుగును. జర్మనీ ఇంజనీరు యుంకర్ 1969లో దీనిని ప్రయోగములతో చూపెను.

బడి పనిశాలలో క్లాంపుకును ఇదే సూత్రము. చట్రము వంగనిదిగను, నోరు వస్తువుపై పూర్తిగా ఆనునదిగను ఉండవలెను. వస్తువు ప్రక్కకు జరుగకుండ ఆపుదిమ్మ పెట్టవలెను. కొంత పని జరిగిన పిమ్మట యంత్రమును ఆపి, పట్టును తిరిగి పరీక్షింపవలెను. డ్రిల్లు క్రింద పట్టు తప్పిన రేకు కత్తివలె గిరగిర తిరిగి చేతిని కోయును. కీమాన్ నడక మనకు నేర్పు పాఠము ఇదియే: బిగించుటతో పని తీరదు, చూచుచుండవలెను.