గుండెమంట కథ

తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోనేరు పేరు హృత్తాపనాశిని. గుండెలోని తాపాన్ని పోగొట్టేదని అర్థం. స్వామిని వైద్య వీరరాఘవుడంటారు. 1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణికి ఈ ఊరు దగ్గరే. రోగం నయం కావాలని మొక్కుకున్నవాళ్ళు కోనేటి నీళ్ళలో బెల్లం కలుపుతారు.

ఆ తాపం పాపమో దుఃఖమో కావచ్చు. తిన్న తర్వాత రొమ్ములో పుట్టే మంటను కూడా మనం గుండెమంట అనే అంటాం. అది గుండెది కాదు, అన్నవాహికది. పొట్టలోని ఆమ్లం పైకి ఎగదన్నితే వస్తుంది. మన మాధవనిదానం ఆమ్లపిత్తానికి విడిగా ఒక అధ్యాయమే ఇచ్చి, పైకి వచ్చేది, కిందికి పోయేది అని రెండుగా విడదీసింది. పుల్లతేన్పులు, గొంతుమంట పైకి వచ్చేదాని గుర్తులు. దారి అప్పుడే కనిపెట్టారన్నమాట!

1935లో న్యూయార్కు వైద్యుడు ఆషర్ వింకెల్‌స్టీన్ అన్నవాహిక పూతకు పొట్టలోని ఆమ్లమే కారణం కావచ్చన్నాడు. కొలిచి చూపడానికి చాలా ఏళ్ళు పట్టింది. ముక్కులోంచి సన్నని తీగ దింపి, 24 గంటలూ ఆమ్లాన్ని కొలిచే పద్ధతిని 1974లో జాన్సన్, డిమీస్టర్ వివరించారు. ఆమ్లం ఊరడాన్నే తగ్గించే ఒమెప్రజోల్ 1988లో అమ్మకానికి వచ్చింది.

పేరులోని తికమక మాత్రం పోలేదు. అసలైన గుండెపోటును గ్యాసనుకుని, సోడా తాగి పడుకునేవాళ్ళున్నారు. చెమటలు, ఆయాసం, చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే డాక్టర్లు ముందు ఇ.సి.జి. తీస్తారు. అన్నవాహిక సంగతి ఆ తర్వాతే.