గోడ కమోడ్ పెట్టిస్తున్నారా? టైల్స్ వేయకముందే బోల్టులు, ఫ్రేము, డ్రెయిన్ పైపు చూసుకోండి

మన పాత ఇళ్లలో చాలావాటిలో మరుగుదొడ్డి అంటే నేలమీద కూర్చునేదే. సోలాపూర్, భివండీల్లో నేతపనితో స్థిరపడ్డ ఇళ్లయినా, బరంపురం, బళ్లారి, మదురైల్లో తాతల నాటి ఇళ్లయినా, యానాం వీధుల్లో పెంకుటిల్లు తీసి కట్టిన డాబాలైనా అదే తీరు. ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్లకు మోకాళ్లు సహకరించక కమోడ్ పెట్టిస్తున్నాం. అందులోనూ గోడకు బిగించే కమోడ్ కావాలంటున్నారు. కింద నేల ఖాళీగా ఉంటుంది, కడగడం తేలిక, చిన్న బాత్‌రూములో చోటు కలిసొస్తుంది.

అయితే ఈ కమోడ్‌కి కాలు లేదు. మనిషి బరువంతా రెండు బోల్టుల మీదే ఉంటుంది. ఆ బోల్టుల వెనక ఏముందో, పైపు ఎలా కలిపారో టైల్స్ వేశాక ఎవరికీ కనపడదు. తప్పు జరిగితే కొన్ని నెలల తర్వాత పక్కగది గోడ మీద చెమ్మగానో, కమోడ్ వెనక పగులుగానో బయటపడుతుంది. అప్పుడు టైల్స్ పగలగొట్టక తప్పదు. అందుకే గోడ మూసేలోపు చూసుకోవలసిన విషయాలను ఇక్కడ వరుసగా ఇస్తున్నాం.

బరువు ఎలా పడుతుంది?

చిన్న లెక్క వేసి చూద్దాం. 80 కిలోల మనిషి గోడకు 35 సెంటీమీటర్ల దూరంలో కూర్చున్నారు అనుకుందాం. కమోడ్ కింది అంచు గోడను నొక్కుతుంది, పై బోల్టులు ముందుకు లాగబడతాయి. బోల్టులకూ ఆ కింది అంచుకూ మధ్య 20 సెంటీమీటర్లు ఉందనుకుంటే బోల్టుల మీద లాగుడు 80ని 35తో గుణించి 20తో భాగించినంత, అంటే 140 కిలోలు. ఒక్కో బోల్టుకు 70. ఇది నెమ్మదిగా కూర్చున్నప్పటి మాట. మోకాళ్ల నొప్పితో ఒక్కసారిగా కూలబడితే ఇంకా చాలా ఎక్కువ. యూరప్ ప్రమాణం ప్రకారం గోడ కమోడ్‌ను 400 కిలోల బరువుతో పరీక్షిస్తారు. మంచి ఫ్రేముల మీద కూడా అదే అంకె కనిపిస్తుంది. కమోడ్ ఆ బరువు మోయగలదు, ఫ్రేమూ మోయగలదు. మీ గోడ మోయగలదా అన్నదే ప్రశ్న.

గోడను బట్టి బిగింపు

* నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, సిమెంటు బోలు బ్లాకులు, తేలికపాటి ఏఏసీ బ్లాకులు: వీటికి నేరుగా బోల్టు బిగించకూడదు. ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి స్క్రూ బిగిస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. బరువు గోడమీద కాక నేలమీదకు దిగేలా ఫ్రేముగానీ, ఇనుప చెయిర్ బ్రాకెట్‌గానీ వాడాలి.
* తొమ్మిది అంగుళాల గట్టి ఇటుక గోడ: బోల్టులను గోడ ఆ పక్కకు దాటించి, వెనక ఇనుప పట్టీ వేసి నట్టు బిగించవచ్చు. లేదా చెయిర్ బ్రాకెట్‌ను కాంక్రీటులో కూర్చోబెట్టవచ్చు. కాంక్రీటు పోశాక కనీసం ఏడు రోజులు తడపాలి. ఆలోగా బరువు పెట్టకూడదు.
* సున్నంతో కట్టిన పాత గోడ, రాతి గోడ, ఎర్ర జంబిట్టి గోడ: ట్యాంకు కోసం, నాలుగంగుళాల పైపు కోసం ఇలాంటి గోడను లోతుగా తొలవొద్దు. పైకప్పు బరువు మోస్తున్న గోడ అయితే అది ఇంటికే ప్రమాదం. ముందు నేలకు బిగించే ఫ్రేము పెట్టి, దాని చుట్టూ నాలుగడుగుల ఎత్తులో చిన్న గోడ కట్టించండి. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల చోటు పోతుంది. కానీ పైన సబ్బు, చెంబు పెట్టుకునే అరుగు వస్తుంది.

ఫ్రేము కాళ్ల విషయంలో అపార్టుమెంట్లలో ఒక చిక్కుంది. బాత్‌రూము స్లాబును కిందికి దింపి, పైపులు వేశాక ఇటుక ముక్కలు, సిమెంటుతో నింపుతారు. ఫ్రేము కాళ్లను ఆ నింపుడు మీద బిగిస్తే కొన్నాళ్లకు కుంగుతాయి. కాళ్లు అసలు స్లాబు మీదే కూర్చోవాలి. లేదా స్లాబు నుంచి లేపిన కాంక్రీటు దిమ్మ మీద బిగించాలి. అయితే స్లాబుకు వేసిన వాటర్‌ప్రూఫింగుకు రంధ్రం పడితే దాన్ని మళ్లీ మూయించడం మరిచిపోకండి.

కొలతలు

ఎక్కువ కమోడ్లకు, ఫ్రేములకు పనికొచ్చే అంకెలు ఇవి. మీ కమోడ్ పెట్టెలో వచ్చిన బొమ్మ కాగితంతో పోల్చుకున్నాకే పని మొదలుపెట్టండి. అంటే కమోడ్ కొన్న తర్వాతే గోడ పని మొదలవ్వాలి.

* రెండు బోల్టుల మధ్య దూరం: 18 సెం.మీ. కొన్ని మోడళ్లకు 23 సెం.మీ.
* బోల్టు మందం: 12 మి.మీ.
* డ్రెయిన్ పైపు నడిమి బిందువు: పూర్తయిన నేల నుంచి సుమారు 22 సెం.మీ. ఎత్తు
* బోల్టులు: డ్రెయిన్ నడిమి నుంచి సుమారు 10 సెం.మీ. పైన
* ఫ్లష్ పైపు: డ్రెయిన్ నడిమి నుంచి 13.5 సెం.మీ. పైన

ఈ లెక్కతో సీటు సుమారు 40 సెంటీమీటర్ల ఎత్తున వస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు 45 నుంచి 48 సెంటీమీటర్లు సుఖం. ఎంత పెంచుతారో అంతే ఎత్తు డ్రెయిన్, బోల్టులు, ఫ్లష్ పైపు మూడింటికీ కలపాలి. ఎత్తులన్నీ టైలు పైనుంచి లెక్కపెట్టాలి. పచ్చి నేల నుంచి కొలిస్తే టైలు, కింది మసాలా మందం కలిసి ఒకటి రెండు అంగుళాలు తగ్గిపోతుంది.

బోల్టు బిగించేటప్పుడు

పెట్టెలో రెండు మర స్టడ్లు, వాటి మీద తొడిగే ప్లాస్టిక్ గొట్టాలు, వాషర్లు, నట్లు, మూతలు ఉంటాయి. ప్లాస్టిక్ గొట్టాన్ని అనవసరమని పారేయకూడదు. ఇనుము పింగాణీకి నేరుగా తగిలితే అక్కడే పగులు మొదలవుతుంది. కమోడ్‌కూ గోడకూ మధ్య పెట్టే పల్చటి స్పాంజి షీటును కూడా వదలొద్దు. టైలులో ఉండే చిన్న ఎత్తుపల్లాలను అది సర్దుతుంది.

నట్లను ఒక పక్క పూర్తిగా, తర్వాత రెండో పక్క కాకుండా, అటు కొంచెం ఇటు కొంచెం మార్చి మార్చి బిగించాలి. రసమట్టం పెట్టి చూస్తూ ఉండాలి. కమోడ్ కదలకుండా ఆగిన చోట ఆపేయాలి. ఇంకో చుట్టు తిప్పితే పింగాణీ చిట్లవచ్చు. సముద్రపు గాలి తగిలే యానాం, చెన్నై, ఒడిశా తీరం వైపు ఇళ్లలో స్టెయిన్‌లెస్ స్టీలు స్టడ్లు అడిగి తీసుకోండి. మామూలు ఇనుము గోడలోపలే తుప్పుపడుతుంది.

చివర్లో కమోడ్ చుట్టూ సిలికాన్ పూసేటప్పుడు పైన, రెండు పక్కల పూయించి, అడుగున వదిలేయండి. వెనక ఎక్కడైనా నీరు కారితే అక్కడి నుంచి బయటికి వచ్చి మనకు తెలుస్తుంది. అంతా మూసేస్తే ఆ నీరు గోడలోకే పోతుంది.

డ్రెయిన్ కలిపే చోట జరిగే మోసం

కమోడ్ వెనక నుంచి వచ్చే పింగాణీ మూతి బయటి వ్యాసం సుమారు 102 మి.మీ. మనం వాడే నాలుగంగుళాల, అంటే 110 మి.మీ. మలజల పైపు గోడ మందం 3.2 మి.మీ. కనుక లోపలి వ్యాసం 103.6 మి.మీ. కమోడ్ మూతి పైపులో చక్కగా ఇమిడినట్టే కనిపిస్తుంది. అందుకే కొందరు నేరుగా లోపలికి తోసి, చుట్టూ వైట్ సిమెంటు పట్టించేస్తారు. మొదటి నెల బాగానే ఉంటుంది. మనిషి కూర్చున్న ప్రతిసారీ కమోడ్ వెంట్రుకవాసి కదులుతుంది, గట్టి సిమెంటు మాత్రం కదలదు. అది చిట్లి, మురికినీరు గోడలోకి పాకుతుంది.

సరైన పద్ధతిలో మధ్యలో రబ్బరు పెదవి ఉన్న కనెక్టర్ ఉంటుంది. ఫ్రేముతో వచ్చే బెండు కొన్నిటికి 90 మి.మీ. ఉంటుంది, దానికి 90 నుంచి 110కి పెంచే ముక్క కలిపి ఇస్తారు. కనెక్టర్‌ను ముందు కమోడ్‌కు పూర్తిగా ఎక్కించి, గోడలోని పైపు ఎంత లోతున ఉందో కొలిచి, దానికి సరిపడా కోయాలి. పొట్టిగా కోస్తే రబ్బరు అందదు, పొడుగ్గా ఉంటే కమోడ్ గోడకు ఆనదు. కోసిన అంచును ఆకురాయితో నునుపు చేయాలి. రబ్బరుకు సబ్బునీళ్లు రాసి ఎక్కించాలి. గ్రీజు, ఇంజను ఆయిలు రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

పైపు కొనేటప్పుడు ఐఎస్ 13592, టైప్ బీ అని ముద్ర ఉందో లేదో చూడండి. టైప్ ఏ పల్చనిది. అది వాననీటికి, గాలి పైపుకు మాత్రమే.

పాత ట్రాప్ మిగిలిపోతే

ఇది మా ఇంట్లోనే జరిగింది. నేల దొడ్డి తీయించి గోడ కమోడ్ పెట్టించాం. బిగింపు బాగుంది, పైపు బాగుంది. కానీ ఫ్లష్ చేస్తే నీరు గుడగుడమంటూ ఆగి ఆగి దిగేది. రెండు వారాలకోసారి అడ్డుపడేది. అమ్మ ఇబ్బందిపడి బకెట్టుతో నీళ్లు పోయడం మొదలుపెట్టింది. చివరికి నేల తవ్విస్తే పాత బేసిన్ కింది ట్రాప్ అలాగే ఉంది.

నేల బేసిన్‌కు ట్రాప్ విడిగా కింద ఉంటుంది. గోడ కమోడ్‌కు ట్రాప్ దాని లోపలే ఉంది. వాసన రాకుండా ఆపే నీటి తెర కమోడ్‌లోనే నిలుస్తుంది. కింద ఇంకో ట్రాప్ ఉంటే రెండు నీటి తెరల మధ్య గాలి చిక్కుకుంటుంది, మలం అక్కడ ఆగుతుంది. పైగా పాత ట్యాంకులు పది లీటర్లకు పైగా వదిలేవి, ఇప్పటి ట్యాంకులు పెద్ద మీట నొక్కితే ఆరు, చిన్న మీట నొక్కితే మూడు లీటర్ల మేరకే వదులుతాయి. అంత కొద్ది నీరు రెండు ట్రాపులను దాటించలేదు. కాబట్టి పాత ట్రాప్‌ను తీయించి, మీ కళ్లతో చూశాకే నేల మూయనివ్వండి.

మిగతా పైపు దారిలో చూడవలసినవి:

* వాలు అడుగుకు పావు అంగుళం, మీటరుకు సుమారు 2 సెం.మీ.
* నీరు పోయే దిశలో పైపు ఎక్కడా సన్నబడకూడదు.
* నిలువు పైపులో కలిసే చోట నిటారు టీ కన్నా వంపు తిరిగిన ముక్క మేలు. మలుపు దగ్గర డోర్ బెండు వేసి, ఆ మూత చేతికి అందేలా ఉంచాలి.
* నిలువు పైపు కొన డాబా పైకి తెరిచి ఉండాలి. దోమల జాలి కట్టాలి. గాలి అందకపోతే కమోడ్‌లోని నీటిని పైపు లాగేసుకుని వాసన వస్తుంది.
* పాత మట్టి గొట్టానికో, పోత ఇనుప గొట్టానికో కొత్త పైపు కలిపేటప్పుడు గొట్టం లోపల గారకట్టి సన్నబడిందేమో చూడాలి.

మూసే ముందు పరీక్ష

పైపు కింది కొనను మూసి, నీళ్లు నింపి, కొన్ని గంటలు ఉంచండి. మట్టం తగ్గకూడదు. ట్యాంకు నింపి ఒక రోజు వదిలేయండి. అతుకుల చుట్టూ పొడి కాగితం చుట్టి చూస్తే చిన్న చెమ్మ కూడా తెలుస్తుంది. తర్వాత గోడకు పక్కన టేపు పెట్టి ఫోటోలు తీయండి. బోల్టులు, పైపులు ఎక్కడున్నాయో రేపు పట్టుకొయ్య బిగించేటప్పుడు అవే దారి చూపిస్తాయి. ట్యాంకు లోపలి సామాను మీట పలక ఉన్న కంత నుంచే మార్చుకోవచ్చు. ఆ కంతను టైలుతో ఇరుకు చేయనివ్వద్దు.

పనివాళ్లతో మాట

మన ఊళ్లలో పని చేసేవాళ్ల భాష వేరు కావచ్చు. గోడను కన్నడంలో గోడె, తమిళంలో సువర్, మరాఠీలో భింత్, ఒడియాలో కాంథ అంటారు. వాలును కన్నడంలో ఇళిజారు, తమిళంలో వాట్టం, మరాఠీలో ఉతార్, ఒడియాలో ఢాలు అంటారు. ట్రాప్, బెండు, కనెక్టర్ మాత్రం అన్నిచోట్లా అవే. బెంగళూరు, ముంబయి వంటి నగరాల్లో ఒడిశాలోని కేంద్రపడ జిల్లా ప్లంబర్లు చాలామంది కనిపిస్తారు. ఆ జిల్లాలోని పట్టాముండైలో ప్లంబింగ్ నేర్పే సంస్థే ఉంది. పని తెలిసినవాళ్లు మన ప్రశ్నలకు విసుక్కోరు.

గోడ మూసే ముందు మూడే అడగండి. బరువు దేనిమీద దిగుతోంది? కింద పాత ట్రాప్ తీశారా? మధ్యలో రబ్బరు కనెక్టర్ ఉందా? మూడింటికీ జవాబు మాటల్లో కాదు, కళ్ల ముందు చూపించమనండి. పెద్దవాళ్లు రాత్రిపూట ఒంటరిగా వెళ్లే చోటు అది. వాళ్లు నిశ్చింతగా కూర్చుని లేవగలగాలి.