పాతబస్తీ కాగితములు - ఆంగ్లవాక్యపు నడక

తెలంగాణ గ్రామములలో కొంచెము పాతకాపురము గల యే యింటనైనను ఒక ఇనుపపెట్టె యుండును. అందు శిస్తు రసీదులు, పట్టా కాగితములు, తీర్పుల నకళ్లు కట్టగట్టి యుండును. ఆ కట్ట విప్పినచో అడుగున ఉర్దూ, నడుమ తెలుగు, పైన ఆంగ్లము కానవచ్చును. ఆ యింటివారు నాలుగు తరములుగా అదే భూమిని దున్నుచున్నారు. భూమి మారలేదు, భూమిని గూర్చిన వాక్యము మాత్రము మారుచు వచ్చినది. ఆ మార్పు చిరకాలము హైదరాబాదు పాతబస్తీ కచేరీలనుండియే ఊళ్లకు దిగివచ్చినది.

1591వ సంవత్సరమున మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్‌మినారును నిర్మించి నగరమునకు పునాది వేసెను. అతని తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవులను ఆదరించిన ప్రభువు. పొన్నగంటి తెలగన యయాతి చరిత్రమును అచ్చతెలుగున రచించి అమీన్‌ఖానునకు అంకితమిచ్చుట ఆ కాలపు సంగతియే. కుతుబ్‌షాహీల ఫర్మానాలలో కొన్ని ఫార్సీతో పాటు తెలుగున గూడ వ్రాయబడినవి. ఏలిక మాట ప్రజలకు వారి భాషలోనే చేరవలెనను ఎఱుక నాడు కొంతయైన నుండెను.

అసఫ్‌జాహీల కాలమున కచేరీభాష ఫార్సీ. కుంపిణీవారు తమ సీమలో 1837లో ఫార్సీని విడిచినను, హైదరాబాదు దానిని విడువలేదు. 1853 మొదలు 1883 వరకు దివానుగా నున్న మొదటి సాలార్‌జంగు కాలమున పాలనము క్రొత్త రూపు దాల్చెను. అతడు గతించిన పిమ్మట 1884లో ఫార్సీ స్థానమున ఉర్దూ వచ్చెను. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూను బోధనభాషగా జేసికొనియు, ఆంగ్లమును విధిగా చదువవలసిన పాఠముగా నుంచెను. మూసీ దక్షిణపుటొడ్డున 1920లో తెఱవబడిన హైకోర్టు భవనమున నిజాము కాలమంతయు ఉర్దూయే కోర్టుభాష. 1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 348వ అధికరణము క్రింద ఉన్నత న్యాయస్థానముల వ్యవహారమును ఆంగ్లమున నుంచెను. ఆ గోడలే, ఆ గుమ్మటములే. లోపలి వాక్యము వేరయ్యెను.

ఈ భాషలు పాతబస్తీ పేర్లలో పక్కపక్కనే నిలిచి యున్నవి. చార్‌మినార్ అను మాటను నాలుగు మినారులని విడదీసినచో ద్విగువు. నాలుగు మినారులు గల కట్టడమని చెప్పినచో బహువ్రీహి. మన సమాసమువలెనే సంఖ్య ముందు నడచినది. దారుష్షిఫా అట్లు గాదు. అది అరబ్బీ కూర్పు. దార్ అనగా ఇల్లు, షిఫా అనగా స్వస్థత. మనము స్వస్థతకు ఇల్లు అందుము. అరబ్బీ ఇల్లును ముందు నిలిపి స్వస్థతను వెనుక చేర్చును. సాలార్‌జంగు నెలకొల్పిన దారుల్ ఉలూమ్ పాఠశాల పేరును ఇట్టిదే. గోలకొండ రాజ్యపు గనులతో ముడివడిన కోహినూరు ఫార్సీ కూర్పు: కోహ్ కొండ, నూర్ కాంతి. మనకది కాంతికొండ.

ఆంగ్లమునకు ఈ రెండు నడకలును గలవు. మౌంటెన్ ఆఫ్ లైట్ అన్నప్పుడు అది ఫార్సీవలె కొండను ముందు చెప్పును. కింగ్స్ ప్యాలెస్ అన్నప్పుడు తెలుగువలె రాజును ముందు చెప్పును. ఈ భేదము నెఱిగిన విద్యార్థికి సగము తికమక తీరును.

క్రియ సంగతి ఇంతకంటె ముఖ్యము. తెలుగు వాక్యమున క్రియ చివర నుండును. ఫార్సీ, ఉర్దూలలోను సాధారణముగా అంతే. కావున ఉర్దూ ఫైసలాను చదివించుకొన్న తెలుగువాడు, లిపి తెలియకున్నను, వాక్యము ముగియువరకు ఆగవలెనని యెఱుగును. ఆంగ్లమున కర్తను వెంటనే క్రియ అనుసరించును. కర్మ తరువాత వచ్చును. నియమములు, మినహాయింపులు దాని వెనుక వచ్చును. పన్ను చెల్లించినచో భూమి ననుభవింపవచ్చునని తెలుగు చెప్పును. భూమి ననుభవింపవచ్చును, పన్ను చెల్లించినచో, అని ఆంగ్లపు కాగితము చెప్పును. తెలుగున షరతు ద్వారమువద్దనే నిలిచి యుండును. దానిని దాటక లోనికి పోలేము. ఆంగ్లమున వరము ముందు, షరతు వెనుక. ప్రొవైడెడ్ దట్, అన్‌లెస్, సబ్జెక్ట్ టు అను మాటలు అట్లు వెనుక కాచుకొని యుండును. మొదటి సగము విని సంతోషించి సంతకము చేసిన వానికి రెండవ సగము తరువాత నోటీసు రూపమున తెలియును.

కర్మణి ప్రయోగము మఱియొక చిక్కు. ఇట్ ఈజ్ హియర్‌బై ఆర్డర్డ్ అని కాగితము మొదలగును. ఆజ్ఞాపించిన దెవరు? వాక్యమున కర్త లేడు. తెలుగున బడు అను ధాతువు కలదు గాని, ఇంటి మాటలలో దాని వాడుక అరుదు. అన్నము తినబడెనని యే తల్లియు అనదు. కచేరీలో మాత్రము ఉత్తర్వు చేయబడినది, తిరస్కరింపబడినది అనుట మరగినది. ఉత్తర్వు వ్యక్తిది గాక పదవిది యని చెప్పుటకు ఈ ప్రయోగ ముపయోగపడును. కాని నష్టపోయినవాడు ఎవరి నడుగవలెనో తెలియక ద్వారమునుండి ద్వారమునకు తిరుగుటకును ఇదియే కారణమగును. కర్త లేని వాక్యమును చూచినప్పుడు సంతకము క్రింది హోదాను చదువవలెను. కర్త యక్కడ దొరకును.

షల్, మే అను చిన్న క్రియలలో పెద్ద భేద మున్నది. మొదటిది శాసనభాషలో సాధారణముగా తప్పనిసరిని, రెండవది ఐచ్ఛికమును తెలుపును. ఇయ్యవలెను అనుటకును ఇయ్యవచ్చును అనుటకును గల దూరమే అది. అట్లే ఏ, ది అను ఉపపదములు మనకు లేవు. ఏ ఫీల్డ్ అనగా ఏదో యొక చేను. ది ఫీల్డ్ అనగా ఇంతకుముందు చెప్పిన ఆ చేనే. సరిహద్దు తగాదాలో ఈ ఒక్క అక్షరము తక్కువది కాదు.

ఇన్ని భాషలు వచ్చినను తెలుగు వాక్యము లొంగిపోలేదు. అర్జీ, దస్తావేజు, రసీదు, వకీలు, జామీను అను నామములు వచ్చినవి. నోటీసు, అప్పీలు, సమను వచ్చినవి. క్రియలు మాత్రము మనవే: అర్జీ పెట్టుకొనుట, రసీదు ఇచ్చుట, అప్పీలు చేయుట. బ్రౌను దొర ఇట్టి వ్యవహారపదములను పోగుచేసి 1852లో జిల్లా నిఘంటువును ప్రకటించెను. ఒకచోట మాత్రము మన వాక్యమును వంగినది. వ్రాసి యిచ్చిన క్రయ దస్తావేజు ఏమనగా, అని మన పత్రములు మొదలగును. విషయము వెనుకకు పోయి ఏమనగా ముందు నిలిచినది. ఆంగ్లమున దట్ చేయు పని, ఫార్సీ ఉర్దూలలో కి చేయు పని, ఇక్కడ ఏమనగా చేయుచున్నది. దస్తావేజులలోని హక్కుభుక్తములు అను జంటలో హక్కు అరబ్బీ, భుక్తము సంస్కృతము. ఆంగ్లేయుల మరణశాసనమునకు గల విల్ అండ్ టెస్టమెంట్ అను పేరును ఇట్టిదే: మొదటిది వారి ఇంటిమాట, రెండవది లాటిను.

ఆంగ్లేయులును ఒకనాడు ఈ కష్టము పడినవారే. 1066లో నార్మనులు జయించిన పిమ్మట వారి కోర్టులలో ఫ్రెంచి నడచెను. తమ మీది వ్యాజ్యము తమకే తెలియుట లేదను కారణమున 1362లో వాదములు ఆంగ్లమున జరుగవలెనని శాసనము పుట్టెను. రికార్డులలో లాటిను మాత్రము 1733 వరకు నిలిచెను. మాతృభాషకు న్యాయస్థానపు గడప దాటుట యే దేశమునను సులభముగా జరుగలేదు.

మన సీమలో 1966లో శాసనముచే తెలుగు అధికారభాష యైనది. 1984లో పట్వారీ, కరణముల వ్యవస్థ రద్దయినది. కాగితము చదివి చెప్పుటకు ఊరిలో ఒకడున్న కాలము గడచెను. ఆ యొక్కడు సత్యవంతుడైనచోట ఊరు బాగుపడెను, కానిచోట ఊరు మోసపోయెను. ఒకరి నోటిపై ఊరంతయు ఆధారపడుట ఎన్నటికిని క్షేమము కాదు. పై కోర్టులనుండి వచ్చు కాగితము నేటికిని ఆంగ్లమున వచ్చును; దానిని చదువవలసిన భారము ఇప్పుడు ఇంటింటిది.

అందులకే గ్రంథాలయము. ఇచ్చటి బల్లపై నిఘంటువు కలదు, వ్యాకరణము కలదు, తోడు చదువరి కలడు. ఆంగ్లపు కాగితము చేతికి వచ్చిన నాడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: చేసిన దెవరు? చేయవలసిన దేమి? షరతు ఎక్కడ? ఈ మూడును తేలిన పిమ్మటనే కలము పట్టవలెను. ఇరువదియైదేండ్లుగా ఈ తలుపులు తెఱచియున్నందులకు ఫలము ఒక్కటి చాలును: చదువక వ్రేలిముద్ర వేయువాడు ఊరిలో ఒకడైనను మిగులకుండుట.