వాండా టెస్సలేటా

వాండా టెస్సలేటా ఆర్కిడేసి కుటుంబానికి చెందిన పుష్పించే మొక్క. చెట్ల కొమ్మలపై పెరిగే వృక్షోపజీవి. దీనిని తెలుగులో బదనిక లేదా వదనిక అంటారు. అయితే మామిడి వంటి చెట్ల నుండి నీటిని పీల్చుకొనే వేరొక మొక్కకు కూడా బదనిక అనే పేరు ఉంది. అది పరాన్నజీవి. వాండా ఆధార వృక్షం నుండి ఆహారాన్ని గాని నీటిని గాని గ్రహించదు.

లక్షణాలు

* ఆకులు దళసరిగా, పట్టీల వలె ఉండి, మధ్య ఈనె వెంబడి మడిచినట్లు కనిపిస్తాయి.
* గాలిలో వ్రేలాడే వేర్లపై వెలామిన్ అనే స్పంజి వంటి కణజాలం ఉంటుంది. ఇది వాన నీటిని పీల్చుకొంటుంది.
* పూలు సుమారు 4-5 సెం.మీ. వెడల్పుతో, సువాసన కలిగి ఉంటాయి.
* పూరేకుల రంగు పసుపుపచ్చ, లేతాకుపచ్చ, గోధుమ వర్ణాల మధ్య మారుతుంది. వాటిపై గళ్ళ వంటి గీతలు ఉంటాయి. పెదవి వంటి రేకు నీలం నుండి ఊదా వరకు ఉంటుంది.

వర్గీకరణ

సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో, కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన తన గ్రంథంలో, దీనిని ఎపిడెండ్రమ్ టెస్సలేటమ్ అను పేరుతో వర్ణించాడు. 1820లో రాబర్ట్ బ్రౌన్ దీనికి వాండా రాక్స్‌బర్గై అని పేరు పెట్టాడు. వృక్షనామకరణ నియమాల ప్రకారం మొదటి జాతినామానికే ప్రాధాన్యం కనుక, 1830లో ప్రచురితమైన వాండా టెస్సలేటా అనే పేరే ఇప్పుడు చెల్లుతుంది. వాండా అనేది సంస్కృత పదం. టెస్సలేటా అనగా లాటిన్‌లో గళ్ళు గలది. రంగులు మారినంత మాత్రాన వేరు జాతిగా భావించరాదు. దీనికి దగ్గరిదైన వాండా టెస్టేసియా పూలు చాలా చిన్నవి, పసుపుపచ్చనివి.

విస్తరణ

భారతదేశం, శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్, మయన్మార్‌లలో పెరుగుతుంది. దక్షిణ తెలంగాణలో ముఖ్యంగా నల్లమల అడవులలో కనిపిస్తుంది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని అమ్రాబాద్, మన్ననూరు ప్రాంతాలు 2016 నుండి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్నాయి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం నల్గొండ జిల్లాలోకి కూడా విస్తరించింది. పెద్ద చెట్లు అరుదైన రాతిగుట్టలు, మెట్ట పొలాలలో ఈ మొక్కకు ఆశ్రయం తక్కువ.

ఉపయోగాలు, సంరక్షణ

బెంగాల్‌లో దీని వేర్లను రాస్న పేరుతో కీళ్ళ నొప్పులకు వాడతారు. ఇదే పేరుతో ఉత్తర భారతంలో ప్లుకియా లాన్సియోలేటాను, దక్షిణాదిన దుంపరాష్ట్రాన్ని వాడతారు. కనుక పేరును మాత్రమే చూసి మందు మొక్కను నిర్ణయించరాదు.

దీని గింజలు ధూళి వలె సూక్ష్మంగా ఉంటాయి. వాటిలో నిల్వ ఆహారం లేనందున, ప్రకృతిలో శిలీంధ్రాల సాయం లేనిదే మొలకెత్తవు. అందువల్ల పరాన్నజీవి అని పొరబడి పెరికివేసినా, వేర్ల కోసం మొక్కను మొత్తంగా తీసినా, ఆ చోట తిరిగి పెరగడం కష్టం. ఆర్కిడ్ల అంతర్జాతీయ వ్యాపారం సైటిస్ ఒప్పందం క్రింద నియంత్రణలో ఉంది.