రిజిస్టరు నుంచి సర్టిఫికెట్ దాకా: 1329 ఫసలీ చట్టం, హైదరాబాద్ హిజ్రాలు

హిజ్రాల మీద పరిశోధన సాధారణంగా రెండు దారుల్లోనే నడుస్తుంది. మొదటిది 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ దగ్గర బయల్దేరి పాపమంతా తెల్లదొరల ఖాతాలో వేస్తుంది. రెండోది గురు-చేలా (గురుశిష్య) బంధం, బధాయి (శుభకార్యాల ఇళ్లలో ఆడిపాడి దీవించి కానుక తీసుకోవడం), నిర్వాణ్ (అంగచ్ఛేద సంస్కారం), హిజ్రాలు కొలిచే బహుచరా మాత చుట్టూ తిరిగి సంస్కృతి దగ్గరే ఆగిపోతుంది. ఈ రెంటి సందులోంచి హైదరాబాద్ చట్టం జారిపోయింది. అది బ్రిటిష్ వాళ్లు చేసింది కాదు, నిజాం సర్కారు తనకు తానుగా చేసుకున్నది. 1329 ఫసలీలో, అంటే 1919లో వచ్చింది. సంస్థానం పోయినా, ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా, తెలంగాణ విడివడినా, తన శీర్షికలో రాష్ట్రం పేరు మార్చుకుంటూ ఈ చట్టం బతికింది. 2018లో ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు హైకోర్టుకెళ్తే, ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డిల ధర్మాసనం 2023 జులైలో దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది.

చట్టం నిడివి చిన్నదే. పని పెద్దది. మగవాడిగా పుట్టి, తాను నపుంసకుణ్ణని ఒప్పుకున్నవాళ్లు, లేదా వైద్యపరీక్షలో అలా తేలినవాళ్లు దీని కిందికి వస్తారు. హైదరాబాద్ నగరంలో ఉండే అలాంటివాళ్లలో, మగపిల్లల్ని ఎత్తుకుపోతారనో, అంగచ్ఛేదం చేస్తారనో, అసహజ నేరాలకు పాల్పడతారనో అనుమానం ఉన్నవాళ్ల పేర్లూ నివాసాలూ రిజిస్టరుకెక్కించాలి. నేరం రుజువు కానక్కర్లేదు, అనుమానం చాలు. పేరెక్కాక ఆడబట్ట కట్టినా, నగలు పెట్టినా, వీధిలో పాడినా, ఆడినా వారంటు లేకుండా పట్టుకెళ్లొచ్చు. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పదహారేళ్లలోపు మగపిల్లవాణ్ణి దగ్గర ఉంచుకోవడం ఇంకో నేరం.

ఇందులో ఒక మెలిక దగ్గర కాసేపు నిలబడాలి. చీర కట్టుకున్న మనిషి వీధిలోనే ఉండాలని చట్టం అనలేదు. వీధిలోంచి కనబడాలన్న ఉద్దేశంతో ఇంకెక్కడున్నా అంతే. అంటే కిటికీ, అరుగు, మేడ మీది పిట్టగోడ కూడా లెక్కలోకొస్తాయి. ఉద్దేశం ఉందో లేదో తేల్చేది కింద నిలబడ్డ జవాను. ఎవరు నపుంసకులో డాక్టరు చెబుతాడు, ఎవరు ఆడవేషంలో ఉన్నారో పోలీసు చెబుతాడు, ఆ మనిషి మాత్రం తన గురించి నోరు తెరవాల్సింది ఒప్పుకోవడానికే. లైంగిక గుర్తింపు అనేదాన్ని రాజ్యం ఎలా తయారుచేస్తుందో చూపడానికి దక్కన్‌లో ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

ఇక్కడే గాయత్రీ రెడ్డితో పేచీ. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో క్షేత్రపరిశోధన చేసి 2005లో ఆమె ప్రచురించిన ‘విత్ రెస్పెక్ట్ టు సెక్స్’ లేకుండా ఈ రంగంలో ఎవరూ అడుగు వేయలేరు. హిజ్రాను లైంగికతకు మాత్రమే కుదించొద్దు, మతం, బంధుత్వం, వర్గం అన్నీ కలిస్తేనే ఆ గుర్తింపు, వాటన్నిటినీ ఇరుసులా పట్టి ఉంచేది ‘ఇజ్జత్’ (పరువు) అని ఆమె వాదన. బధాయికి వెళ్లే హిజ్రాలు పైమెట్టు మీద, ఒళ్లమ్ముకుని బతికే హిజ్రాలు కిందిమెట్టు మీద ఎందుకున్నారో ఆమె ఈ ఇజ్జత్‌తోనే వివరిస్తారు. బాగానే ఉంది. కానీ ఆ ఇజ్జత్ ఏ నేల మీద మొలిచింది? ఆమె పుస్తకంలో గౌరవానికి దక్కిన చోటుతో పోలిస్తే పోలీసు రిజిస్టరుకు దక్కింది బహుకొద్ది. పాటనూ ఆటనూ నేరం చేసిన ఊళ్లోనే, అదే పాటా ఆటా జమాత్‌లో (హిజ్రా సమాజంలో) పెద్దరికానికి గుర్తయ్యాయి. ఇది కాకతాళీయం అనుకోలేం. సర్కారు ఏది తప్పని రాసిందో దాన్నే పరువుగా నిలబెట్టుకోవడం తెలిసిన ఎత్తుగడే. గురు-చేలా వ్యవస్థా బధాయీ ఈ చట్టానికి చాలా ముందువన్నది నిజమే, అయినా వాటికి దక్కిన పరువును ఈ చట్టాన్ని పక్కనపెట్టి చదవలేం.

ఇక తెల్లదొరల సిద్ధాంతం. జెస్సికా హించీ 2019 నాటి పుస్తకం 1871 చట్టాన్ని లోతుగా తవ్వింది, కానీ తవ్వింది వాయవ్య రాష్ట్రాల (నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం) నేలనే. ఆ చట్టంలోని 29వ సెక్షన్ రిజిస్టరుకెక్కిన హిజ్రాకు దత్తత తీసుకునే హక్కూ, దానపత్రం, వీలునామా రాసే హక్కూ లేకుండా చేసింది. 1911లో కొత్త క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చినప్పుడు హిజ్రాల భాగం అందులో లేదు. బ్రిటిష్ ఇండియా వదిలేసినదాన్ని ఎనిమిదేళ్లకు హైదరాబాద్ ఎత్తుకుంది! ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో వచ్చింది. సర్ అలీ ఇమామ్ అధ్యక్షతన కార్యనిర్వాహక మండలి 1919లో ఏర్పడింది. ఆధునికమని అనిపించుకోవాలని తహతహలాడుతున్న ప్రభుత్వానికి వర్సిటీ ఎంత అవసరమో, వీధుల్ని ‘శుభ్రం’ చేసే రిజిస్టరూ అంతే అవసరమైంది. సంస్థానమంటే పాతకాలపు ఉదారత అని మురిసిపోయేవాళ్లు ఈ చట్టాన్ని ఒక్కసారి చదవాలి. ఆ పోకడ సంస్థానంతోనే పోలేదనడానికి 2011లో కర్ణాటక పోలీసు చట్టంలో చేర్చిన 36ఏ సెక్షన్ చాలు. అందులోనూ రిజిస్టరే.

2014లో నాల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) కేసు తీర్పు తర్వాత మాట మారింది. ఎవరి లింగాన్ని వాళ్లే చెప్పుకోవచ్చని సుప్రీంకోర్టు అంది. డీఎంకే ఎంపీ తిరుచ్చి శివ పెట్టిన ట్రాన్స్‌జెండర్ హక్కుల ప్రైవేటు బిల్లును 2015లో రాజ్యసభ ఆమోదించింది. ఆ మరుసటి ఏడాది ప్రభుత్వం తెచ్చిన బిల్లు మాత్రం ట్రాన్స్‌జెండర్ అంటే పూర్తిగా స్త్రీ గానీ పూర్తిగా పురుషుడు గానీ కానివారని రాసింది. వాళ్లను అడుక్కునే పనిలోకి దించడం నేరమంది. గురువు ఇంటి నుంచి మాంగ్తీకి (అడుక్కోవడానికి) వెళ్లే చేలాల బతుకు తెలిసినవాళ్లకు ఆ వాక్యం ఎవరికి తగులుతుందో వేరే చెప్పనక్కర్లేదు. గొడవ జరిగాక, 2019లో చట్టం వచ్చేనాటికి ఆ రెండూ పోయాయి. గుర్తింపు కోసం సర్టిఫికెట్ తెచ్చుకోవాలన్న షరతు మాత్రం మిగిలింది. 2019 చట్టం ప్రకారం గుర్తింపు ఇచ్చేది కలెక్టరు. స్త్రీ అనో పురుషుడనో మార్పించుకోవాలంటే శస్త్రచికిత్స చేయించుకున్నట్టు ఆసుపత్రి పత్రం పెట్టాలి. డాక్టరు మళ్లీ వచ్చాడు. అయితే ట్రాన్స్‌జెండర్ అని రాయించుకోవడానికి ఆపరేషన్ అక్కర్లేదన్న వెసులుబాటు ఆ చట్టంలో ఉంచారు.

2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘ఇతరులు’ గడిలో పడింది 43,769 మంది. ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో ట్రాన్స్‌జెండర్‌కు పింఛనుంది. తెలంగాణలో ఆసరా పింఛను వర్తింపజేయమని 2023 తీర్పే చెప్పింది. 2024 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా చేర్చుకున్నారు. ఇవన్నీ మేలే. అయినా ప్రతిదానికీ ముందు ఒక కాగితం కావాలి, ఆ కాగితం మీద మనిషి ఒంటరి.

2019 చట్టం 12వ సెక్షన్ ఇల్లంటే తల్లిదండ్రులు, దగ్గరి కుటుంబ సభ్యులే అనుకుంది. వాళ్లు చూసుకోలేకపోతే కోర్టు పునరావాస కేంద్రానికి పంపుతుంది. ఇంట్లోంచి తరిమేసిన పిల్లను చేరదీసి, రీత్ వేసి (చేలాగా చేర్చుకునే తంతు జరిపి), కూతురని పిలిచిన గురువు ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. 1990లో మధ్యప్రదేశ్ హైకోర్టు ఒక వీలునామా కేసులో గురు-చేలా వారసత్వ ఆచారాన్ని గుర్తించింది. పార్లమెంటు ఆ జోలికే పోలేదు. గురువు పోతే ఇల్లెవరిదన్న తగాదా నేటికీ ముందు జమాత్ పంచాయితీకే వెళ్తుంది.