పెద్దవాగు నీళ్లు, మన కాగితం మిల్లు

మన సంఘాల మినిట్స్ బుక్కు కాగితం, పొదుపు రిజిస్టరు కాగితం, ఊరి పేరు కూడా కాగితమే. ఉర్దూలో కాగజ్ అంటే అదే కదా. మిల్లు రాకముందు ఈ ఊరు కొత్తపేట. మిల్లు పేరు మాత్రం సిర్పూర్ మిల్లు. అసలు సిర్పూర్ వేరే ఊరు. కొత్తగా వచ్చినవాళ్లు ఇప్పటికీ తికమక పడతారు.

నిజాం కాలంలో, 1938లో ఈ మిల్లును స్థాపించారు. 1942 నుంచి కాగితం తయారైంది. చుట్టూ అడవిలో వెదురు ఉంది, కాజీపేట–బల్లార్షా రైలు మార్గం అప్పటికే పడింది, పక్కన పెద్దవాగు ఉంది. మా లెక్కలో వాగే పెద్దది. వెదురును ముక్కలు కొట్టి, మందు నీళ్లలో ఆవిరితో ఉడికించి, ఆ గుజ్జును కడిగి కడిగి పలుచగా పరిచి ఆరబెడితేనే కాగితం. ఉడికించడానికీ నీళ్లే, కడగడానికీ నీళ్లే. అందుకే మిల్లు గురించి మాట్లాడేటప్పుడు జీతాల సంగతి ఎంత అడుగుతామో, వాడిన నీళ్లు ఎట్లా శుభ్రం చేసి వదులుతున్నారన్నదీ అంతే అడగాలి.

తర్వాత మిల్లు బిర్లాల చేతికి వచ్చింది. ఇదే ఊర్లో సర్‌సిల్క్ అని కృత్రిమ పట్టు ఫ్యాక్టరీ కూడా నడిచింది. అది 1980లలో మూతపడ్డది, మళ్లీ తెరుచుకోలేదు. అందుకే 2014 సెప్టెంబరులో పేపర్ మిల్లు ఆగినప్పుడు, ఇది కూడా సర్‌సిల్క్ లెక్కనే అవుతుందేమోనని పెద్దవాళ్లు భయపడ్డరు.

నాలుగేళ్లు గేటు మూసే ఉంది. ఈ మధ్యలో 2016లో జిల్లా కూడా మారింది. ఆదిలాబాద్ జిల్లాలో మూతపడ్డ మిల్లు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో తెరుచుకుంది! కంపెనీ లా ట్రిబ్యునల్ ద్వారా 2018లో జేకే పేపర్ సంస్థ తీసుకుంది. యజమాని మారిండు, మిల్లు పేరు అదే ఉంది.

మిల్లు చరిత్ర ఎవరు రాసినా యజమానుల పేర్లు, సంవత్సరాలు వస్తాయి. ఆ నాలుగేళ్లు ఇండ్లు ఎట్లా నడిచినయో రాయరు. మగవాళ్లు పని కోసం వేరే ఊళ్లకు పోతే బడి ఫీజు, కిరాణా బాకీ, ముసలివాళ్ల మందులు ఆడవాళ్ల మీదనే పడ్డయి. కుట్టుమిషన్, టిఫిన్ బండి, పత్తి ఏరే కూలి, ఏది దొరికితే అది. ఇది కూడా మిల్లు చరిత్రే అని మేము అనుకుంటున్నాం.

కాబట్టి ఎవరింట్లోనైనా పాత గేటు పాసులు, జీతం చిట్టీలు, సర్‌సిల్క్ నాటి ఫోటోలు, 2014 నుంచి 2018 దాకా రాసుకున్న ఇంటి లెక్కల పుస్తకాలు ఉంటే పారేయకండి. సమాఖ్య ఆఫీసుకు తెస్తే జిరాక్స్ తీసుకొని అదే రోజు తిరిగి ఇస్తాం.